చూపు, పోస్టరు, పద్యం: అబిడ్స్–నాంపల్లి నేపథ్యంలో స్త్రీ శరీర చిత్రణ, అశ్లీలతా చర్చ

వ్యాస సంగ్రహం

తెలుగు సమాజంలో స్త్రీ శరీరం బహిరంగ చర్చకు వచ్చిన ప్రతిసారీ 'ఇది అశ్లీలమా, కాదా' అన్న ప్రశ్నే ముందుగా తలెత్తుతోంది. సినిమా పోస్టరుకూ, ముద్దుపళని కావ్యానికీ, స్త్రీవాద కవితకూ ఇదే కొలమానాన్ని వాడుతున్నారు. ఫలితంగా స్త్రీ శరీరాన్ని సరుకుగా చూపే రచనకూ, తన శరీరం గురించి స్త్రీ తానే మాట్లాడే రచనకూ మధ్య ఉన్న తేడా కనుమరుగవుతోంది. హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల సాంస్కృతిక నేపథ్యం నుంచి బయలుదేరి, 'అశ్లీలం' అన్న భావన అలంకారశాస్త్రంలో, చట్టంలో, సినిమాలో, ఆధునిక కవిత్వంలో ఎలా పనిచేసిందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: అశ్లీలం, చూపు, స్త్రీ శరీరం, పోస్టరు, ప్రత్యేక గీతం, స్త్రీవాద కవిత్వం, పైట

1. నుమాయిష్: చూసేవారు, కనబడేవారు

నాంపల్లి మైదానంలో ఏటా జనవరిలో జరిగే అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనను హైదరాబాదు ప్రజలు నేటికీ 'నుమాయిష్' అనే పిలుస్తారు. ఉర్దూలో ఆ మాటకు ప్రదర్శన అని అర్థం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలైన ఈ ప్రదర్శన 1946లో నేటి మైదానానికి మారింది. ఒక రోజును స్త్రీలకే కేటాయించే ఆనవాయితీ ఇందులో ఉంది. పర్దా పాటించే సమాజంలో ఆ రోజుకున్న అర్థం గమనించదగినది. ఆ ఒక్క రోజు స్త్రీ ఎవరికీ కనబడకుండా తాను చూడగలదు. నిజాం కాలపు సినిమాహాళ్ళలోని జనానా విభాగం కూడా ఇదే సూత్రం మీద నడిచింది. తెర ముందు స్త్రీ ప్రేక్షకురాలు, కాని హాలులో ఆమె కనబడరాదు.

ఇదే మైదానపు ఆవరణలో ఎగ్జిబిషన్ సొసైటీ 1962లో సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయాన్ని నెలకొల్పింది. అక్కడికి నడిచిపోగల దూరంలోనే అబిడ్స్ ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ నడిపిన దుకాణం నుంచి ఆ ప్రాంతానికి ఈ పేరు వచ్చింది. ప్యాలెస్ టాకీస్, జమ్రుద్ మహల్, సంతోష్–సప్న, ఎన్.టి.రామారావు కుటుంబానికి చెందిన రామకృష్ణ థియేటర్ వంటివి దశాబ్దాల పాటు ఇక్కడ సినిమాలు ఆడించాయి. చాపెల్ రోడ్డులోని స్టాన్లీ, గన్‌ఫౌండ్రీలోని రోజరీ కాన్వెంట్ వంటి ఆడపిల్లల బడులకు వెళ్ళే దారులు ఈ థియేటర్ల పరిసరాల్లోనివే. నాంపల్లి రైల్వేస్టేషన్ దిగి కళాశాలకు వెళ్ళే విద్యార్థిని దారిలో సినిమా గోడపత్రికలు తప్పవు. ఆ గోడ మీద జనానా సూత్రం తలకిందులైంది. ఇక్కడ స్త్రీ కనబడాలి, చూడడం మాత్రం పురుషుని వంతు. దాచడం, చూపడం అన్నవి పరస్పర విరుద్ధాలని సాధారణంగా భావిస్తాం. రెండింటిలోనూ నిర్ణయం స్త్రీది కాకపోవడం వాటి ఉమ్మడి లక్షణం.

ఈ పరిసరాల్లోనే నాంపల్లి క్రిమినల్ కోర్టులు ఉన్నాయి. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం దీర్ఘకాలం పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలోనే నడిచింది. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాల అంగడి తెరుచుకుంటుంది. బొమ్మ, చట్టం, సాహిత్య పరిశోధన, చవక పుస్తకం ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్న చోటు ఇది. స్త్రీ శరీరం విషయంలో ఇవి ఒకదానితో ఒకటి ఏమి మాట్లాడుకున్నాయన్నది ప్రశ్న.

2. అశ్లీలం: పదదోషం నేరంగా మారిన తీరు

అలంకారికుల దృష్టిలో అశ్లీలం ఒక కావ్యదోషం. వ్రీడ, జుగుప్స, అమంగళం అనే మూడింటిలో దేనినైనా స్ఫురింపజేసే పదప్రయోగాన్ని వారు ఆ పేరుతో లెక్కించారు. ఇక్కడ రెండు విషయాలు ముఖ్యం. మొదటిది, ఈ దోషం మాటకు సంబంధించినదే గాని శరీరానికి సంబంధించినది కాదు. చావును గుర్తుచేసే మాట కూడా అశ్లీలమే. రెండవది, ఇది అనిత్యదోషం. సందర్భం తగినదైతే అదే ప్రయోగం గుణమవుతుందని వారు అంగీకరించారు. ప్రబంధాలలో నాయిక అంగాంగ వర్ణన శతాబ్దాల పాటు నిరభ్యంతరంగా సాగడానికి ఈ వెసులుబాటు ఒక కారణం. ఆ వర్ణనలను రాసినవారు దాదాపు అందరూ పురుషులే అన్నది మరో కారణం.

నేడు మనం వాడే 'అశ్లీలం' ఇది కాదు. వలసపాలనలో వచ్చిన చట్టభావనను ఈ పాత మాటలోకి దించుకున్నాం. 1868 నాటి హిక్లిన్ తీర్పు ఇంగ్లండులో ఒక పరీక్షను నిర్దేశించింది. చెడు ప్రభావాలకు లోనుకాగల మనసులను కలుషితం చేసే గుణం రచనలో ఉందా అన్నదే ఆ పరీక్ష. భారత శిక్షాస్మృతి 292వ సెక్షను వ్యాఖ్యానంలో ఇది చాలాకాలం నిలిచింది. డి.హెచ్.లారెన్స్ నవల విషయమై 1964లో రంజిత్ ఉదేశీ కేసులో సుప్రీంకోర్టు కూడా దీనినే అనుసరించింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో గాని సమకాలిక సమాజ ప్రమాణాన్ని పాటించాలన్న వైఖరి స్పష్టంగా ముందుకు రాలేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ నేరం 294వ సెక్షనుకు చేరింది.

హిక్లిన్ పరీక్ష ఎవరిని రక్షిస్తోంది? పాఠకుడిని. అతని మనసు చెడుతుందేమో అన్నదే చట్టం ఆందోళన. బొమ్మలో ఉన్న స్త్రీ ఈ వ్యాజ్యంలో కక్షిదారే కాదు. ఆమె గౌరవానికి భంగం కలిగిందా, ఆమె సమ్మతి ఉందా, ఆమె మాట్లాడుతోందా, ఆమెను మాట్లాడిస్తున్నారా అన్న ప్రశ్నలకు ఈ చట్రంలో చోటు లేదు.

3. ముద్దుపళని: తొలి తెలుగు ఉదాహరణ

తంజావూరు పాలకుడు ప్రతాపసింహుని (1739–63) ఆస్థానానికి చెందిన ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను శృంగార ప్రబంధంగా రచించింది. అందులో కోరిక వ్యక్తం చేసేది, అలిగేది, సాంత్వన పొందేది రాధ. కందుకూరి వీరేశలింగం తన కవుల చరిత్రలో ఈ కావ్యాన్ని, స్త్రీ నోట రాదగని మాటలు ఉన్నాయంటూ, తీవ్రంగా నిందించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దీనిని సంపూర్ణంగా పరిష్కరించి వావిళ్ళవారి ద్వారా ప్రకటించింది. సిగ్గు స్త్రీలకే సహజమా, పురుషులకు వర్తించదా అని పీఠికలో నిలదీసింది. 1911లో ప్రభుత్వం ఈ కావ్యాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు చొరవతో గాని నిషేధం తొలగలేదు.

నాగరత్నమ్మ ప్రశ్నను సాధారణంగా సమానత్వ వాదంగా మాత్రమే చదువుతున్నారు. అది అంతకంటె సూక్ష్మమైనది. ఇదే తరహా శృంగారాన్ని పురుషులు రాసిన ప్రబంధాలు పాఠ్యగ్రంథాలయ్యాయి. అంటే తేడా వర్ణనలో లేదు, వర్ణించే గొంతులో ఉంది. అశ్లీలత అన్న ముద్ర వస్తువును బట్టి కాక వక్తను బట్టి పడుతోందని తెలుగులో తొలిసారి ఇంత స్పష్టంగా చూపింది నాగరత్నమ్మే. సంస్కరణోద్యమం దేవదాసీ వ్యవస్థను నిందించే క్రమంలో ఆ స్త్రీల సాహిత్యాన్ని కూడా నిందితుల బోనులో నిలబెట్టింది. ఈ మాట చెప్పినంత మాత్రాన వీరేశలింగం చేసిన సేవ తగ్గదు. సంస్కర్త ఊహలోని 'మంచి స్త్రీ'కి శరీరం లేదన్నది మాత్రం దాచిపెట్టవలసిన విషయం కాదు.

4. గోడ మీది బొమ్మ, 1986 చట్టం

1974లో హైదరాబాదు విద్యార్థినులు ఏర్పరచుకున్న ప్రగతిశీల మహిళా సంఘం (పి.ఓ.డబ్ల్యు.) తొలి కార్యక్రమాలలో ఆడపిల్లలను వేధించడానికి వ్యతిరేకంగా, వరకట్నానికి వ్యతిరేకంగా సాగినవాటితో పాటు అశ్లీల పోస్టర్లకు, ప్రచురణలకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమం కూడా ఉంది. వీథిలో వేధింపునూ గోడ మీది బొమ్మనూ ఒకే సమస్యకు రెండు ముఖాలుగా చూడడం ఆ సంఘం ప్రత్యేకత. గోడ మీద బొమ్మను ఎలా చూడాలో నేర్చుకున్న కన్నే బస్‌స్టాపులో నిలబడిన అమ్మాయిని కూడా చూస్తుంది. 1975 ఎమర్జెన్సీతో ఆ సంఘం పని ఆగింది. ఇక్కడొక చిక్కును కూడా గుర్తించాలి. పోస్టరు చింపే స్త్రీవాదికీ, సంస్కృతి పాడవుతోందని పోస్టరు చింపే సంప్రదాయవాదికీ అప్పట్లో ఉన్న మాట ఒక్కటే, 'అశ్లీలం'. ఒకే మాట వాడినందున ఇద్దరి కోపం ఒక్కటేనన్న భ్రమ ఏర్పడింది.

స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం, 1986 ఈ చిక్కును విడదీయడానికి కొంత ప్రయత్నించింది. స్త్రీ రూపాన్ని గాని, శరీరాన్ని గాని, అందులో ఏ భాగాన్ని గాని అసభ్యంగా, స్త్రీలను కించపరిచేలా చిత్రించడాన్ని అది నిర్వచించి నిషేధించింది. చిత్రణకు గురైన స్త్రీ తొలిసారిగా నిర్వచనంలోకి వచ్చింది. కాని అదే వాక్యం చివర ప్రజానైతికతకు హాని కలిగించేది కూడా ఇందులోకే వస్తుందని చేర్చడంతో హిక్లిన్ నీడ మళ్ళీ పడింది. మరొక విశేషం ఉంది. సినిమాటోగ్రాఫ్ చట్టం పరిధిలోని చలనచిత్రాలకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఉంది. పోస్టరుకూ పత్రికా ప్రకటనకూ ఆ మినహాయింపు లేదు. హాలు లోపల సెన్సారు బోర్డు ధ్రువపత్రంతో ఆడే పాటలోని భంగిమనే హాలు బయట గోడకెక్కిస్తే ఈ చట్టం కింద ప్రశ్నించవచ్చు. మొదటి నేరానికి రెండేళ్ళ వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. సినిమా ప్రచారవ్యయంతో పోల్చితే ఆ జరిమానా ఏపాటిదో వివరించనక్కరలేదు.

చట్టం స్త్రీ శరీరాన్ని చూసే తీరుకు మరో ముఖం 1978లో నల్లకుంట పోలీసు స్టేషన్ ఘటనలో బయటపడింది. పోలీసులు ఒక మహిళపై సామూహిక అత్యాచారం చేశారని, ఆమె భర్త వారి దెబ్బలకు మరణించాడని ఆరోపణ రాగా నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కాని విచారణ పొడవునా ఆమె మాటకు ప్రతిగా ఆమె 'నడత'ను ప్రశ్నించారు. రాయచూరుకు బదిలీ అయిన కేసులో నిందితులు విడుదలయ్యారు. స్త్రీ శక్తి సంఘటన రూపుదిద్దుకున్నది ఈ నేపథ్యంలోనే. అత్యాచారం కేసులో బాధితురాలి నడతను చూపి ఆమె సాక్ష్యాన్ని తోసిపుచ్చేందుకు వీలిచ్చిన నిబంధన సాక్ష్యచట్టం నుంచి తొలగడానికి 2002 నాటి సవరణ దాకా ఆగవలసివచ్చింది.

5. ఒళ్ళు ఒకరిది, గొంతు మరొకరిది

తెలుగు సినిమాలో నర్తకి పాత్రకు జ్యోతిలక్ష్మి, జయమాలిని సోదరీమణులు ఒక రూపమిచ్చారు. ఏలూరు సమీపంలోని కొవ్వలికి చెందిన సిల్క్ స్మిత (1960–1996) 1980లలో దక్షిణాది భాషలన్నింటిలో దానిని కొనసాగించింది. ఆమె పాట ఒక్కటుంటే చిత్రం అమ్ముడుపోతుందని వ్యాపారవర్గాలు నమ్మిన కాలమది. కథలో ఆమెకు పేరుండదు, ఇల్లుండదు, గతముండదు. కుటుంబం నాయిక వైపు, శరీరం నర్తకి వైపు అని పాత్రల పంపకం జరిగింది. 1990ల తరువాత ఆ పంపకం చెరిగి నాయికే ప్రత్యేక గీతంలోకి రావడాన్ని కొందరు స్వేచ్ఛగా వర్ణిస్తారు. ఇద్దరు చేసే పని ఒక్కరే చేయవలసి వచ్చిందన్నది మరింత సరైన వర్ణన.

2021 డిసెంబరులో విడుదలైన 'పుష్ప' చిత్రంలోని ప్రత్యేక గీతం ఈ చర్చకు మంచి సామగ్రి. చంద్రబోస్ రాయగా ఇంద్రావతి చౌహాన్ పాడిన ఆ పాటలో నర్తకి (సమంత) మగవాళ్ళ చూపునే ఆరోపిస్తుంది. స్త్రీ ఏ బట్ట కట్టినా, ఏ రంగులో ఉన్నా చూసేవాడి బుద్ధి మారదన్నది సాహిత్యం సారం. పురుషులను కాముకులుగా చిత్రించిందంటూ ఒక పురుషుల సంఘం న్యాయస్థానాన్ని ఆశ్రయించినట్లు పత్రికలు రాశాయి. ప్రత్యేక గీతం మీద స్త్రీలు కాక పురుషులు ఫిర్యాదు చేయడం అరుదైన సంగతి. ఆ పాటలో మాట ఒకటి చెబుతోంది, కెమెరా ఇంకొకటి చేస్తోంది. మాట చూపును దోషిగా నిలబెడుతుంది. అదే క్షణంలో కెమెరా ఆ దోషి స్థానంలో నిలబడి, శరీరాన్ని ముక్కలుముక్కలుగా అందిస్తుంది. ప్రేక్షకుడికి నింద, విందు రెండూ ఒకే టిక్కెట్టు మీద దొరుకుతాయి. సాహిత్యాన్ని మాత్రమే విశ్లేషించి దీనిని స్త్రీవాద గీతమనడం, దృశ్యాన్ని మాత్రమే చూసి అశ్లీలమనడం రెండూ అసంపూర్ణ పఠనాలే. సినీగీతాల మీద జరిగే పరిశోధనలు పాటను కాగితం మీది పద్యంగా మాత్రమే చదవడం వల్ల వచ్చే లోపం ఇది.

2018 ఏప్రిల్‌లో ఒక నటి, పరిశ్రమలోని లైంగిక దోపిడిని ఆరోపిస్తూ, హైదరాబాదులోని ఫిల్మ్ ఛాంబర్ ఎదుట అర్ధనగ్నంగా నిరసన తెలిపింది. పోలీసులు ఆమెను అదుపులోకి తీసుకున్నారు. నటీనటుల సంఘం మొదట ఆమెపై ఆంక్ష ప్రకటించి తరువాత ఉపసంహరించుకుంది. తెర మీద నిత్యం అమ్ముడయ్యే దృశ్యమే వీథిలో ఆరోపణగా మారేసరికి అసభ్యమైంది. 2025 మార్చిలో తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్ సినిమా నృత్యాలలోని అసభ్య భంగిమలను మానుకోవాలని దర్శకులకు, నృత్య దర్శకులకు, నిర్మాతలకు సూచించింది. ఆ సూచనలో కూడా 'అసభ్యం', 'స్త్రీలను కించపరచడం' అన్న రెండు మాటలు పక్కపక్కనే, పర్యాయపదాల్లా ఉన్నాయి.

6. చూపులకు జవాబు

1980లలో తెలుగు స్త్రీవాద కవిత్వం తన శరీరాన్ని తానే వస్తువుగా తీసుకుంది. జయప్రభ 'చూపులు' కవితలో వీథిలో నడిచే స్త్రీని గుచ్చే పురుషుల చూపులు ఉన్నాయి, వాటిని చూపుతోనే ఎదుర్కోవడం నేర్చుకున్న స్త్రీ కూడా ఉంది. ఆమె 'పైటను తగలెయ్యాలి' కవిత పైటను వస్త్రంగా కాక సిగ్గును శరీరానికి అలవాటు చేసే సాధనంగా చూస్తుంది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' ప్రసవవేదనను మాతృత్వ మహిమ నుంచి విడదీసి ఆసుపత్రి గది వాస్తవంలో నిలబెట్టింది. పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' గర్భస్రావం చుట్టూ ఉన్న మౌనాన్ని బద్దలు కొట్టింది. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' ఈ ధారకు ప్రాతినిధ్య సంకలనం. ఆమె 'రాజకీయ కథలు' కూడా స్త్రీ శరీరంపై సాగే అదుపునే వస్తువుగా తీసుకున్నాయి. వాటిలో 'సీత జడ', 'అయోని' ప్రసిద్ధాలు.

ఈ కవిత్వాన్ని కొందరు విమర్శకులు 'నీలి కవిత్వం' అన్నారు. అన్నవారిలో అభ్యుదయ, విప్లవ శిబిరాలవారు కూడా ఉన్నారు. అబిడ్స్ గోడల మీది బొమ్మలకు వాడిన విశేషణమే, ఆ బొమ్మల కింద నడిచిన స్త్రీ రాసిన కవితకు కూడా తగిలింది. 1911 నాటి తర్కమే ఎనభై ఏళ్ళ తరువాత తిరిగి వచ్చింది. 'పుష్ప' గీతాన్నీ 'చూపులు' కవితనూ పక్కపక్కన పెడితే కొలమానం ఎక్కడ మారాలో తెలుస్తుంది. రెండింటి వస్తువూ పురుషుని చూపే. కవితలో చూస్తున్నది ఎవరో, చూడబడుతున్నది ఎవరో తారుమారైంది. పాటలో తారుమారైనట్లు వినబడుతుంది, కాని కనబడదు.

ఈ ధారకున్న పరిమితిని దళిత స్త్రీ రచయిత్రులు సకాలంలో గుర్తుచేశారు. పైటను తగలెయ్యాలనగలగడం వెనుక, పైట వేసుకునే హక్కు ఎన్నడూ ప్రశ్నకు గురికాని కులస్థానం ఉంది. పని చేసే చోట ఒంటి మీద బట్టకు, ఆ ఒంటికి రక్షణే లేని స్త్రీలకు సిగ్గు ఒక సంకెల కంటె ముందు ఒక నిరాకరణ. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు', చల్లపల్లి స్వరూపరాణి కవిత్వం ఈ దిశలో చదవవలసినవి. జోగిని వ్యవస్థలో దళిత స్త్రీ శరీరాన్ని ఊరుమ్మడి చేసిన ఆచారాన్ని నిషేధించడానికి ఆంధ్రప్రదేశ్ 1988లో ప్రత్యేక చట్టం చేయవలసివచ్చింది. షాజహానా వంటి ముస్లిం కవయిత్రుల రచనల్లో నఖాబు చర్చ మరో కోణం తెచ్చింది. ఇంట్లో మతపెద్ద, బయట మతవాది ఇద్దరూ ఒకే గుడ్డ గురించి మాట్లాడుతున్నప్పుడు ఆ గుడ్డలోని మనిషి ఎవరితో ముందు తలపడాలన్నది ఆ కవిత్వం ఎదుర్కొన్న ప్రశ్న. నాంపల్లి వంటి చోట ఇది పుస్తకాల ప్రశ్న మాత్రమే కాదు.

7. మాట లేని చోట

హైదరాబాదు స్త్రీవాదులు 1991లో 'సవాలక్ష సందేహాలు' అనే స్త్రీల ఆరోగ్య గ్రంథాన్ని తెచ్చారు. అమెరికాలో స్త్రీలు తమ శరీరాల గురించి తామే రాసుకున్న ప్రసిద్ధ గ్రంథం దీనికి ప్రేరణ. ఇటువంటి రచన చేపట్టినవారికి తెలుగులో ఎదురయ్యే మొదటి అడ్డంకి వైద్యం కాదు, పదజాలం. స్త్రీ జననాంగాలకు తెలుగులో ఉన్న మాటలు రెండు రకాలు. ఒకటి వైద్యగ్రంథాల సంస్కృతం, అది రోగికి అర్థం కాదు. రెండవది వాడుక మాట, అది తిట్టుగా తప్ప బతికి లేదు. తన ఒంటి గురించి తన భాషలో వైద్యురాలికి చెప్పుకోవడానికి స్త్రీకి మిగిలింది 'అక్కడ', 'కింద' అన్న సర్వనామాలు, స్థలవాచకాలు. బహిష్టుకు ఉన్న వాడుక మాటల్లో 'బయట చేరడం' వంటివి శరీరస్థితిని కాక ఇంట్లో ఆమె కూర్చోవలసిన చోటును చెబుతాయి.

అలంకారికులు అశ్లీలాన్ని పదదోషంగా చెప్పినది ఇక్కడ మరో అర్థంలో నిజమవుతోంది. దోషం శరీరంలో లేదు, దానికి మనం ఉంచుకున్న మాటల్లో ఉంది. స్త్రీవాద కవయిత్రులు చేసిన పనిలో విమర్శ తక్కువగా పట్టించుకున్న భాగం ఇదే. తిట్టుగా మారిన మాటలకూ నిఘంటువులో మాత్రమే మిగిలిన మాటలకూ నడుమ, స్త్రీ తన గురించి చెప్పుకోగల మూడో పదజాలాన్ని వారు తయారు చేయబూనారు. ఆ పదజాలం మీద వ్యవస్థితమైన పరిశోధన జరగవలసి ఉంది. కవితలలోని శరీర పదాలను, ఆసుపత్రులలో స్త్రీలు వాడే మాటలను, ప్రాంతీయ మాండలికాలలో మంత్రసానులు వాడిన మాటలను పక్కపక్కన సేకరిస్తే భాషాశాస్త్రానికీ సాహిత్య విమర్శకూ ఉమ్మడి క్షేత్రం ఏర్పడుతుంది.

తరగతిగది ఈ సమస్యకు మినహాయింపు కాదు. ప్రబంధపాఠంలో నాయిక వర్ణన పద్యాలకు ప్రతిపదార్థం చెప్పి, అలంకారం గుర్తించి, 'మిగతాది మీరే చదువుకోండి' అని దాటవేసే అలవాటు తెలుగు శాఖల్లో పాతదే. స్త్రీవాద కవితల పాఠంలో కూడా ఉద్యమ నేపథ్యం విస్తరించి, కవితలోని శరీరం కుంచించుకుపోవడం కనిపిస్తుంది. సగానికి పైగా విద్యార్థినులే ఉన్న తరగతుల్లో, పురుషుని వర్ణనకు సంస్కృత పదం అడ్డుతెరగా దొరుకుతుంది. స్త్రీ స్వయంగా పలికిన తెలుగు మాటకు ఆ తెర దొరకదు. అధ్యాపకుడు ఆగిపోయేది ఆ మాట దగ్గరే.